వాలు మీద ఆగే వ్యాను

అమ్మకానికి పెట్టిన వ్యానును తండ్రి ఆఖరిసారిగా కూతురి మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు.

"కొత్త బ్యాటరీ వేసినా అంతేనమ్మా. రోజూ వాలు మీద ఆపి, దొర్లించి స్టార్ట్ చేస్తున్నా. ముసలిదైపోయింది, నాలాగే."

"ఇంజను ఆపకు నాన్నా. మీటరు చూడు, పన్నెండు వోల్టులు దాటట్లేదు. పద్నాలుగు రావాలి. బ్యాటరీ మంచిదే, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటరే పస్తు పెడుతోంది. లైట్లేస్తే కీచుమంటోందా?"

"అంటోంది. ముసలి మూలుగనుకున్నా."

"మూలుగు కాదు, ఆల్టర్నేటర్ని తిప్పే బెల్టు అరిగి జారుతోంది. ఇప్పుడు ఆపు, మారుస్తా."

కొత్త బెల్టు పడ్డాక, షెడ్డులోని బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేస్తే మీటరు పద్నాలుగుకు ఎక్కింది. ఆయన స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"సాయంత్రం కొనేవాడొస్తాడే?"

"టీ ఇచ్చి పంపుదాం."

"మరి బండి ఎక్కడ ఆపను?"

"ఇంటి ముందే నాన్నా. చదునుగా ఉన్నచోట."