వెనక సీటుకు ఇన్సూరెన్స్

హలో… ఆ, నేనే, ఓంప్రకాశ్. స్టీల్ సామాన్ల దుకాణం… ఆ, చౌరస్త కాడ. బండి ఇన్సూరెన్స్ గురించే చేసిన, మహిపాల్. ఈ వారంల అయిపోతాంది.

…

ఎప్పటి లెక్క రెన్యువల్ చెయ్యకు తమ్మీ. బండి మార్చిన.

… రంగు కాదు, వెనక సీటు. మీ వదిన కోసం వెల్డింగ్ పోశయ్యతోని చేయించిన. సీటు వెడల్పు చేసి, ఆనుకోను ఇనుప పట్టీలు పెట్టిండు. కాళ్ల కింద రేకు, నడుముకు బెల్టు. బండి మీద కుర్చీ అనుకో.

… ఆటో ఎక్కితె వాంతులు చేసుకుంటది. బండి మీద గాలి తగిలితె మంచిగుంటదట. క్యాన్సర్ దవాఖానకు పోవుడు, వచ్చుడు, అంత దాని మీదనే.

… చెప్పకుండ ఎట్ల? రేపు బండి ఒరిగి ఆమె పడ్డదనుకో… సీటు మార్చి మాకెందుకు చెప్పలేదని కంపెనీవాళ్లు చేతులు దులుపుకుంటరు. వాళ్ల కంటె ముందు నువ్వే అంటవు.

… కోపం కాదు తమ్మీ, మాట అంటాన. సరె, చెప్పు. ఏమేం ఉన్నయి?

… థర్డ్ పార్టీ. అంటె మనం ఎవర్నన్న గుద్దితె వాళ్లకిస్తరు, మన బండికి ఏం రాదు. వద్దు.

… సీటు పీకేసి, పాత సీటు పెట్టిచ్చి, మామూలు పాలసీ… చౌకల అయితది, తెలుసు. పొద్దున మీ వదిన కూడ అదే అన్నది. సీటు తీపియ్యి, ఊకె ఖర్చెందుకు అని.

… లేదు. తీసుడు లేదు. సీటు ఉంటది. ఏడాదంత దవాఖానకు తిరిగేది ఉన్నది. జర తేరుకున్నంక నెక్కొండకు పోవాలె, వాళ్ల అక్క రమ్మంటాంది. అంత దూరం ఉత్త సీటు మీద ఎట్ల కూసుంటది?

… గట్టిగ మాట్లాడుతానా? ఆగు. ఇక్కడ సిగ్నల్ మంచిగ లేదు. బయటికి పోతాన.

…

ఆ, ఇప్పుడు విను. గేటు కాడున్న. ఆమె ముందటి అర్రల పండుకున్నది. ఆమెకు వినపడాలనే గట్టిగ మాట్లాడిన.

… సోమవారం డాక్టర్ నన్ను ఒక్కన్నే లోపలికి పిలిచిండు. ఇగ తీసుకరాకు అన్నడు. మందు ఎక్కిచ్చినా ఫాయిద లేదట. ఇంటికాడనే ఉంచుకో, నొప్పికి గోలీలు ఇయ్యి, ఏది అడిగితె అది పెట్టు అన్నడు.

… ఎన్ని రోజులని నేను అడగలే. అడిగితె చెప్తడు గదా.

… లేదు, చెప్పలేదు. ఏ నోటితోని చెప్పాలె? బండి మీద వచ్చేటప్పుడు, డాక్టర్ ఏమన్నడు అని వెనక నుంచి అడిగింది. తగ్గుతాందట అన్న. నేను ముందట కూసున్న, నా మొఖం ఆమెకు కనపడలే. ఆ ఒక్కటి మంచిదాయె.

… అదే చెప్తాన. ఇప్పుడు సీటు తీపిస్తె, ఇగ దవాఖాన లేదని పానా పట్టుకోని నేనే చెప్పినట్టు అయితది. అందుకే రాయి. ఎక్కువ పడితె పడనియ్యి. వెనక కూసున్నోళ్లకు వేరే ఉంటదన్నవు గదా, అది కూడ పెట్టు. ఏడాదికి.

… నాకు తెల్వదా మహిపాల్? ఇంత వయసొచ్చేదాక దుకాణంల కూసున్నోన్ని. ఏది వాడుతం, ఏది వాడం, నాకు తెల్వదా?

… ఏడుస్తలేను. సర్దయింది, ముక్కు కారుతాంది.

… సరె, లోపలికి పోయి మళ్ల గట్టిగ మాట్లాడుత. నువ్వు ఊ కొట్టు, సాలు.

…

ఆ మహిపాల్, ఇప్పుడు మంచిగ వినపడతాంది. అదే ఖాయం. సీటుతోని సహా ఫుల్ పాలసీ. బండి ఫొటోలా? రేపు తీసి పంపుత. ఇంకేం గావాలె?

… నామినీ.

…

ఎప్పటిదే. పద్మలత. బండి కొన్నప్పటి నుంచి అదే పేరు గదా.

… తెలుసు. నేను పోతె ఆమెకు వచ్చేటిది. నాకు తెలుసు. నువ్వు పద్మలత అనే రాయి.

… మార్చకు అంటాన గదా.

ఉండు. పిలుస్తాంది.

ఏంది పద్మా, నీళ్లు గావాల్నా? … ఎవరి పేరు? … బిడ్డ పేరా? అనూష పేరు ఎందుకు, నువ్వు లేవా?

… అట్ల అనకు.

… అట్ల అనకు పద్మా. తగ్గుతాందని డాక్టరే…

…

సోమవారమే? బండి మీదనే? … నేనేం చెప్పలే గదా నీకు.

… నా వీపా?

… నా వీపు వణికిందా, పద్మా?

… మరి ఇన్ని రోజులు ఎందుకు అడగలేదు నన్ను? … నేను తట్టుకోనని. … నేను తట్టుకోనని నువ్వు ఆగినవా?

…

మహిపాల్… ఉన్నవా?

… విన్నవు గదా. మీ వదిన మార్చమంటాంది. అనూష అని రాయి. … ఆ. బిడ్డ.

… రాసినవా? … సరె.

… లేదు తమ్మీ, ఇప్పుడు రాకు. రేపు రా. ఫోన్ పెట్టి ఇటు రా అంటాంది. పోతాన.