పేరు కొట్టేసిన కాగితం

అధ్యక్షస్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ గారికి, నాకు పాఠం చెప్పడం నేర్పి ఇవాళ చేతికర్రతో మూడంతస్తులు ఎక్కివచ్చిన మా గురువుగారికి, తోటి అధ్యాపకులకు, వెనక వరసలో బస్సు టైము చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి నన్ను తెగ పొగిడారు. మా ఆయన ఎవరి గురించా అని చుట్టూ చూస్తున్నారు. (నవ్వులు) నేనూ అదే పనిలో ఉన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు తత్వశాస్త్రం చెప్పాను. నా పద్ధతి మీకు తెలుసు. నాలుగు దేశాల ఆలోచనాపరుల మాటల్ని మన భాషలోకి తెచ్చి, పేరూ ఊరూ కాలం కొట్టేసి, కాగితం చేతికిచ్చి, ఎవరన్నారో అడగొద్దు, అన్నది నిజమో కాదో తేల్చండి అనేదాన్ని. మీరు గంటసేపు జుట్లు పట్టుకునేంతగా వాదించుకునేవాళ్లు. చివర్లో పేర్లు చెప్పగానే, అప్పటిదాకా 'శుద్ధ దండగ' అన్నవాడు 'మనవాళ్లదా? అయితే లోతుంది మేడమ్' అనేవాడు, తెగ మెచ్చుకున్న అమ్మాయి 'వాళ్లదా' అని మొహం ముడుచుకునేది. ఏటా ఇదే తంతు. మిమ్మల్ని తిట్టుకుంటూ ఇంటికెళ్లేదాన్ని, మా ఆయనే సాక్షి.

పోయిన నెల చివరి క్లాసులో పిల్లలు నాకే ఓ కాగితం ఇచ్చారు. పది వాక్యాలు, పేరు లేదు. చదివి, కళ్లజోడు తీసి, నేనన్న మొదటి మాట, 'ఎవరిదర్రా ఇది?' (నవ్వులు) అప్పుడూ ఇలాగే నవ్వారు. కాగితం ఇచ్చిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. 'అడగొద్దన్నది మీరే కదా మేడమ్' అంది.

నేనూ నవ్వేసి ఊరుకున్నాను. మర్నాటి నుంచి లైబ్రరీలో కూర్చుని, మనవాళ్లదా, బయటివాళ్లదా అని మూడు వారాలు పుస్తకాలు తిరగేశాను. పాపం లైబ్రేరియన్ గారు విసుక్కోకుండా బీరువాలన్నీ తెరిచారు. ఏమీ దొరకలేదు. నిన్న భోజనం దగ్గర మా ఆయన 'ఇంతకీ అందులో ఏముందే?' అన్నారు. చెప్పబోయి ఆగిపోయాను. ఎవరిదో వెతకడంలో పడి, అందులో ఏముందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నా తర్వాత ఈ పోస్టులోకి ఎవరూ రారు. నా క్లాసు గదిలో కంప్యూటర్లు పెడతారట, పెట్టుకోనివ్వండి. నాకే రాని పాఠాన్ని ఇన్నేళ్లు మీకు చెప్పాను, రాలేదని మార్కులు కోశాను, అదీ నా ఏడుపు. ఎవరికి క్షమాపణ చెప్పాలో కూడా తెలియడం లేదు, అప్పటి పిల్లలంతా ఎక్కడెక్కడ ఉన్నారో.

అమ్మా, తలుపు దగ్గర నిలబడ్డావు, కనిపిస్తున్నావులే. కాగితం నా సంచీలోనే ఉంది. ఎవరిదో చెప్పకు. నిజం చెప్తున్నాను, ఇప్పటికీ నిన్ను అదే అడగాలని ఉంది. అడిగేసే లోపే దిగిపోతాను. ఓపిగ్గా విన్నారు, అందరికీ కృతజ్ఞతలు. సెలవు.