పదిహేడో నంబరు వాదన

ఆదివారం ఆరాధన అయింది. ప్రేమవిందులో వేయించిన కోడి పోయి ఎముకలు మిగిలాయి. లిక్ ఫోర్క్ బాప్టిస్టు సంఘం పెద్దలు చర్చి వరండాలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. తేల్చాల్సింది ఒక్కటే. బొగ్గు లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తామని, చర్చి పక్క సమాధుల తోటలో తూర్పు వరస మొత్తం ఎత్తి వేరే చోట పెడతామని కౌంటీ సర్కారువాళ్ళు కాగితం పంపారు. అభ్యంతరాలుంటే మంగళవారం సాయంత్రం ఐదింటిలోపు రాసివ్వాలట. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క లాయరూ కౌంటీ జీతగాడే. మరి రాసేదెవరు?

"నేను రాస్తా," అన్నాడు ఎస్టిల్ రాట్లిఫ్.

ఎస్టిల్ నలభై ఏళ్ళు పశువుల సంతలో వేలం వేసినవాడు. ఊపిరి తీసుకోకుండా ముప్పై దూడల్ని అమ్మగలడు. అంతకు ముందు రెండేళ్ళు క్రైస్తవ లా కాలేజీలో చదివి మానేశాడు. తూర్పు వరసలో నాలుగో రాయి కింద అతని భార్య లొరీన్ ఉంది. ఆమె పడుకున్న చోటు మీదుగా లారీలు పోతాయన్న మాట విన్నప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. ఆ సంగతి నోటితో చెప్పడం మాత్రం అతనికి రాదు. వచ్చిన విద్య వేరే ఉంది.

"నీకేం తెలుసు బావా, దూడలకి పళ్ళు చూడ్డం తప్ప?" అన్నాడు బ్యూఫర్డ్. లొరీన్ తమ్ముడు, లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. "పట్నం నుంచి ఎవరినైనా పిలిపిద్దాం."

"పట్నం వాడు పది రోజులకి గానీ దొరకడు," అన్నారు పాస్టర్ లోనీ. "బ్రదర్ ఎస్టిల్, మీరు ఇదివరకు ఇలాంటివి రాశారా?"

'లేదు' అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఎస్టిల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు పాస్టరు గారూ, అది మీకందరికీ తెలిసిందే." బ్యూఫర్డ్‌కి దగ్గొచ్చింది. ఎస్టిల్ పట్టించుకోలేదు. "మా లా కాలేజీలో ఏటా వసంతకాలంలో విద్యార్థులకి వాదన రాసే పోటీ పెట్టేవాళ్ళు. ఒక తగాదా కల్పించి ఇస్తారు, ఒక పక్షాన వాదన రాసివ్వాలి, ముగ్గురు జడ్జీలు చదువుతారు. ఆ ఏడు తగాదా ఏంటంటే, ఒక చర్చి గంట. పక్కనే ఒకడు కోళ్ళు పెంచుతాడు. గంట మోతకి బెదిరి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని వాడు దావా వేశాడు. మేం చర్చి తరఫున రాయాలి. రాశాను. బాగానే రాశాననుకోండి. మొదటి బహుమతి వచ్చింది, అంతే."

అక్కడితో ఆపేస్తే ఎవరూ కాదనేవాళ్ళు కాదు. కానీ గానబృందం నడిపే ట్వైలా పక్కకి తిరిగి తన పెద్దమ్మ చెవిలో గట్టిగా, "గెలిచాడట పెద్దమ్మా," అంది. ఆ పెద్దమ్మ పేరు మిస్ ఒలీటా. వయసు ఎనభై ఆరు. పోయిన శరదృతువులో ట్వైలా ఇంటికి వచ్చి ఉంటోంది. చెవులు అంతంత మాత్రమని అందరూ అనుకుంటారు. అరటిపండ్ల పాయసం గిన్నె ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా తింటోంది.

"ఎలా గెలిచాడట?" అంది ఆమె.

అడిగాక ఊరుకోగలడా?

"ఎలాగంటే, చెప్తా అమ్మా. పది పేజీలు రాద్దామని కూర్చున్నానా, పెన్సిలు కదిలిందంటే ఆగదే, పది నలభై అయింది, నలభై నూటపది అయింది, పద్నాలుగు పెన్సిళ్ళు అరిగిపోయాయి, పదిహేనోది వేడికి పొగలు కక్కింది, నీళ్ళలో ముంచి ముంచి రాశాను."

"ప్రార్థన చేసుకునే మొదలెట్టారా?" అన్నారు పాస్టర్ లోనీ.

"మోకాళ్ళు నేలకి ఆనక ముందే జవాబు వచ్చేసింది పాస్టరు గారూ, ఏం చెయ్యమంటారు? ఇక పేజీ అడుగున చిన్నక్షరాలతో వివరణలుంటాయి చూడండి, నేను రాసిన మూడో వివరణ కాగితం అంచు దాటి బల్ల మీదకి పాకింది, బల్ల దిగి మెట్లు దిగింది. గ్రంథాలయం అమ్మగారు అది ఎక్కడిదాకా పోయిందో చూద్దామని లాంతరు పుచ్చుకుని వెంట వెళ్ళింది, మళ్ళీ గురువారం వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆవిడ ఉద్యోగం మానేసి ఉంటుంది," అన్నాడు బ్యూఫర్డ్.

"జడ్జీల చేతికి వెళ్ళింది. మొదటి జడ్జి మొదటి పేజీ చదివి ఏడ్చాడు. రెండోవాడికి ఇరవై ఏళ్ళుగా అన్నతో మాటల్లేవు, రెండో పేజీ సగంలో లేచిపోయి అన్న ఇంటి తలుపు కొట్టాడు. మూడోవాడు పుట్టు చెవిటి. ఆరో పేజీ తిప్పేసరికి వాడికి గంట వినబడింది."

ట్వైలా నవ్వు ఆపుకోవడానికి చల్లటి టీ గ్లాసు పెదాలకి అడ్డం పెట్టుకుంది. పాస్టర్ లోనీ మాత్రం నవ్వలేదు, చేతి గడియారం చూసుకున్నారు. ఎస్టిల్‌కి అది కనబడింది. నమ్మడం లేదు వీళ్ళు. నమ్మకపోతే రాసే పని తనకివ్వరు. అప్పుడైనా తగ్గాలి కదా? వేలంలో పలికిన ధరని కిందకి దించడం అతని వల్ల ఏనాడూ కాలేదు.

"కిటికీ ఎన్నింటికి మూసేవాళ్ళు నాయనా?" అంది మిస్ ఒలీటా, చెంచా గిన్నెలో పెట్టి.

"ఏ కిటికీ అమ్మా?"

"కాగితాలు తీసుకునే కిటికీ."

"ఓ, అదా. ఐదింటికి. కానీ నా కోసం తెరిచే ఉంచారు. తాళం వెయ్యబోతే తాళంచెవి తిరగలేదు, ఇంకా ఒకటి రావాల్సి ఉందని దానికే తెలిసిపోయింది." ఆమె తలాడించి మళ్ళీ చెంచా తీసుకుంది. ఎస్టిల్‌కి ఎందుకో మెడ వెనక చెమట పట్టింది. దాంతో ఇంకా వేగం పెంచాడు. "బహుమతి రోజున నా వాదన మైకులో చదివారు. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఆ దావా వేసినవాడి కోళ్ళు విన్నాయి."

"తగాదా కల్పించిందన్నావు కదా బావా? కోళ్ళు ఎక్కడివి?"

"అదే మరి, కల్పించిన కోళ్ళే వచ్చాయంటే వాదన ఎలాంటిదో నువ్వే ఆలోచించు. వరసగా వచ్చి దావా వెనక్కి తీసుకున్నాయి. అక్కడికక్కడే రెండేసి సొనల గుడ్లు పెట్టాయి. కాలేజీ మొత్తానికి మర్నాడు పొద్దున ఫలహారం అవే. గూడ్సు బండి పట్టాల మీద ఆగిపోయింది, డ్రైవరు దిగివచ్చి పాపాలు ఒప్పుకున్నాడు, ఒక నకలు కావాలన్నాడు. నాతో పోటీకి దిగిన కుర్రాళ్ళలో ముగ్గురు ఊరొదిలి పోయారు, ఒకడు బాప్టిస్టుల్ని వదిలి మెథడిస్టుల్లో కలిసిపోయాడు."

"పాపం," అంది ట్వైలా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గదికి ఒక దేవదూత వచ్చాడు. రెక్కలు తలుపులో ఇరుక్కుంటే నేనే లాగాను. తీర్పు దినానికి పైన వాదనలు రాసేవాళ్ళు దొరకట్లేదు, లా చదివినవాళ్ళు అక్కడికి పెద్దగా రావడం లేదు, నువ్వు వచ్చెయ్యి అన్నాడు. బాబూ, సోమవారం నాకు ఆస్తి చట్టం పరీక్ష ఉంది, కుదరదన్నాను. వాదన ఒక్కటి పట్టుకెళ్ళాడు. అందుకే నా దగ్గర ఇప్పుడు కాపీ లేదు."

పాస్టర్ లోనీ గొంతు సవరించుకున్నారు.

"బ్రదర్ ఎస్టిల్, మా తమ్ముడు కూడా లా చదివాడు. ఇలాంటి పోటీల్లో కాగితం మీద పేరు రాయనివ్వరు, నంబరు మాత్రమే ఇస్తారని చెప్పేవాడు. పేరు కనబడితే తీసిపారేస్తారట."

"అవును, నంబరే. నాది పదిహేడు. నా మీద గౌరవంతో ఆ రోజు నుంచి ఆ కాలేజీలో పదిహేడో నంబరు ఎవరికీ ఇవ్వలేదు."

"ఇవ్వని మాట నిజమే," అంది మిస్ ఒలీటా. "ఆ ఏడు వచ్చినవి తొమ్మిది."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గిన్నె ట్వైలాకి ఇచ్చి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కిటికీ దగ్గర కూర్చున్నది నేనే. కాగితాలు తీసుకుని, నంబర్లు వేసి, జడ్జీలకి పంపేదాన్ని. గంటా కోళ్ళ తగాదా ఏడు నాకు బాగా గుర్తు. పదోవాడు ఒకడు కవరు పట్టుకుని నాలుగున్నరకే వచ్చాడు. వచ్చి మెట్ల మీద నిలబడి, తను ఎలా గెలవబోతున్నాడో అక్కడున్న వాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. నాకు లోపలికి అన్నీ వినబడుతున్నాయి. టైమైపోతోందని రెండుసార్లు బల్ల మీద గంట కొట్టాను. ఐదు దాటిన రెండు నిమిషాలకి, నేను కిటికీ మూసేశాక, దగ్గరకి వచ్చాడు."

బ్యూఫర్డ్ నవ్వబోయి బావ మొహం చూసి ఊరుకున్నాడు. ఎస్టిల్ మొహంలో రక్తం లేదు. నలభై ఏళ్ళు అమ్మిన దూడలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డట్టు ఉంది అతనికి. తూర్పు వరస వైపు చూశాడు, తల దించుకున్నాడు. లొరీన్‌కి కూడా తను గెలిచానని చెప్పే పెళ్ళి చేసుకున్నాడు.

"కిటికీ తలుపు తట్టాను," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "తియ్యలేదు."

"తియ్యకూడదు. రూలు రూలే. కవరు కిటికీ గట్టు మీద వదిలేసి పోయావు. పారెయ్యబుద్ధి కాక ఇంటికి తీసుకెళ్ళాను."

ఎస్టిల్ తలెత్తాడు. "చదివారా?"

"రెండుసార్లు. నాలుగంటే నాలుగు పేజీలు. ఆ గంట ఊళ్ళో ఎవరు పుట్టినా మోగింది, ఎవరు పోయినా మోగింది, దాన్ని ఆపితే ఎవరు మిగిలారో ఎవరు లేరో ఊరికి ఎవరు చెప్తారు అని రాశావు. ఆ తొమ్మిదింటిలో అంత బాగున్నది ఒక్కటీ లేదు. వెతికితే ఒక్క అబద్ధం దొరకలేదు. అందుకే అది రాసింది నువ్వేనంటే ఇందాకటి నుంచి నాకు అనుమానంగా ఉంది."

నలభై మూడేళ్ళుగా దాన్ని ఎవరూ చదవలేదనే ఎస్టిల్ అనుకుంటూ వచ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి జేబులు వెతికాడు, దొరకలేదు. బ్యూఫర్డ్ తన జేబులోని నూనె గుడ్డ తీసిచ్చాడు. అది మొహాన నల్లగా అంటుకుంది, ఎవరూ చెప్పలేదు.

"అయితే మిస్ ఒలీటా, ఇతనే రాయొచ్చంటారా?" అన్నారు పాస్టర్ లోనీ.

"రాయనివ్వండి. ఆ వరసలో పడుకున్న పదకొండు మంది గురించీ ఉన్నది ఉన్నట్టు నాలుగు పేజీలు. దేవదూతలు వద్దు."

చేతులన్నీ లేచాయి. అందరికన్నా ముందు లేచింది బ్యూఫర్డ్ చెయ్యి. ఎస్టిల్‌కి ఒంట్లోకి ప్రాణం వచ్చింది, ఛాతీ మళ్ళీ పొంగడం మొదలెట్టింది.

"మంగళవారం చూస్తారుగా," అన్నాడు కుర్చీలోంచి లేస్తూ. "నేను ఆ కౌంటీ ఆఫీసు గుమ్మం ఎక్కి, కవరు ఇలా చేత్తో పట్టుకుని..."

"నువ్వు కారు దిగవు," అంది మిస్ ఒలీటా. "కవరు నేను పట్టుకెళ్తా. అక్కడ కూడా మెట్లున్నాయి, పద్నాలుగు."