తుడవకూడని ఆకు

1994 జూన్ 20వ తేదీన, తొలకరి జల్లుల నడుమ, శామీర్‌పేటలోని మన పరిశోధన కేంద్రంలో తోటపనికి దినసరి ఉద్యోగినిగా అడుగుపెట్టిన శ్రీమతి బాలమణి గారు, ముప్పై ఒక్క సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రయోగశాల సహాయకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని అభినందిస్తూ రాసే అవకాశం లభించడం నాకు గౌరవం. నాలుగేళ్లుగా వాయిదా వేసుకున్న మాటను చెప్పుకోవడానికి ఇది సందర్భం కూడా.

చెరువులో చేపలు పట్టే కుటుంబంలో జన్మించి, నాయనమ్మ బుచ్చవ్వ వెంట తామరపూలు కోస్తూ పెరిగిన బాలమణి గారు, ఇక్కడ తొలి తొమ్మిదేళ్లూ మొక్కల మధ్యనే గడిపారు. 2003లో ప్రయోగశాలకు మారి, ఏడాది తిరగకుండానే పరికరాలన్నింటి పేర్లూ నేర్చుకున్నారు. భర్త భిక్షం గారి సహకారంతో కుమార్తె అంకితను చదివించుకుంటూ, గుండ్లపోచంపల్లి నుంచి రెండు బస్సులు మారి వస్తూ కూడా, అందరికంటే ముందే తలుపులు తెరిచేవారు. ఆలస్యంగా వచ్చే నాబోటి వాళ్లను పలకరించే ముందు ఒకసారి గడియారం వైపు చూసేవారు.

2021లో, నీరు అంటని ఆకులపై పడే చినుకుల నుంచి విద్యుత్తును రాబట్టే పరిశోధన నా నాయకత్వాన ప్రారంభమైంది. తామరాకుపై పడిన చుక్క విచ్చుకుని, మళ్లీ ఉండకట్టి జారిపోయే క్షణంలో స్వల్పమైన విద్యుదావేశం పుడుతుంది. ఆకు కింద అమర్చిన రేకుతో దానిని గ్రహించవచ్చు. బాలమణి గారు ప్రతి ఉదయం ఆకులను కాడ పట్టుకుని కోసి, వాటి ముఖాన్ని వేలితోనైనా తాకకుండా, వెడల్పాటి బేసిన్‌లో తెచ్చేవారు. శుభ్రత విషయంలో చాదస్తం మెండుగా ఉన్న నేను, ప్రతి ఆకునూ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి తీరాలన్నాను. వారేదో చెప్పబోయారు. నేను వినిపించుకోలేదు.

ఆరు వారాలు గడిచినా మీటరు ముల్లు కదలనే లేదు. ప్రాజెక్టు ఉంటుందో ఊడుతుందో తేల్చే సమీక్ష దగ్గరపడింది. ఆకులను సరిగా శుభ్రపరచనందువల్లే ఫలితాలు చెడ్డాయని బాలమణి గారికి మెమో ఇచ్చాను. వారు సంతకం చేసి తీసుకుని వెళ్లిపోయారు.

సమీక్షకు రెండు రోజుల ముందు, వారు రెండు ఆకులను నా బల్లపై ఉంచి చెంబుతో నీళ్లు చల్లారు. తుడిచిన ఆకుపై నీరు పరుచుకుని నిలిచిపోయింది. తుడవని ఆకుపై చుక్కలు గోలీల్లా దొర్లిపోయాయి.

“తుడిస్తే ఆకు మీది మైనం పోతది సారు. నీళ్లే ఉరుకకపోతే మీ కరెంటు యాడికెళ్లి వస్తది? మా బుచ్చవ్వ మమ్ముల ఆకు మొఖం ముట్టనియ్యకపోయేది.”

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్పిన సారు. మీరే ఇనలే.”

సమీక్ష తుడవని ఆకులతోనే జరిగింది. చుక్క జారినప్పుడల్లా చిన్న ఎల్‌ఈడీ దీపం రెప్పపాటు వెలిగింది. దానితో ఎవరి ఇల్లూ వెలగదు గాని, ప్రాజెక్టు నిలిచింది. అభినందనలన్నీ నేనే అందుకున్నాను. మెమో మాత్రం వారి సర్వీసు పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ఇందుకు నేను సిగ్గుపడుతున్నాను.

ఈ వ్యాసానికి వివరాలు అడిగినప్పుడు మరొకటి తెలిసింది. మెమో ఇంగ్లీషులో ఉండడంతో, అప్పట్లో డిగ్రీ చదువుతున్న అంకిత చేత ఇంట్లో చదివించుకున్నారట. “బిడ్డ ముంగట తల దించుకున్న సారు, గంతే” అన్నారు బాలమణి గారు. కోపం చూపినా బాగుండేదనిపించింది.

గత సోమవారం ఆ మెమోను రద్దు చేయించి, పొరపాటు నాదేనని సర్వీసు పుస్తకంలో రాయించాను. బాలమణి గారు ఆయురారోగ్యాలతో, ఇకపై ఏ గడియారమూ చూడనక్కరలేని తీరికతో, భిక్షం గారితో కలిసి నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. అమ్మా అంకితా, ఆనాడు నేను రాసిన కాగితాన్ని మీ అమ్మకు చదివి వినిపించింది నువ్వే కనుక, దీనిని కూడా నువ్వే, కాస్త గట్టిగా, చదివి వినిపించు.