తాళాలావిడ చదివిన నవల

ఏం రాస్తున్నావే, అంత తల వంచుకుని? ఏదీ, ఇటు తే. "నాకిష్టమైన కథ, నాకిష్టమైన మనిషి, నా అలవాట్లు." ఓహో, మీ టీచరు ఇచ్చిందా? మరి రాయకుండా ఆ పెన్ను కొరుకుతావేం, అదేమన్నా చెరుకుముక్కా? ఇష్టమైన మనిషి తేలట్లేదా? అమ్మని రాస్తే నాన్న మూతి ముడుచుకుంటాడు, నాన్నని రాస్తే అమ్మ అలుగుతుంది. బాగుంది సంబడం! నన్ను రాయొచ్చుగా అని నేనేం అనను, నాకంత మోజు లేదు. ఆఁ? నేనైతేనా? నేనైతే కళ్ళు మూసుకుని తాళాలావిడ అని రాసేస్తాను. ఎవరంటావేంటే, మా హాస్టల్ వార్డెను! నీకు చెప్పలేదూ? చెప్పే ఉంటాను, నువ్వే ఆ ఫోన్లో తల దూర్చి ఉంటావు. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పటికీ ఎక్కడైనా తాళాల చప్పుడైతే నా చేతిలో పుస్తకం దానంతటదే దిండు కిందకి పోతుంది. నవ్వకు, నిజం.

మనిషి తాటిచెట్టంత పొడుగు. నవ్వితే పళ్ళు రాలిపోతాయేమో అన్నట్టుండేది. నడుముకి ఇంత తాళాల గుత్తి. అది ఘల్లుమంటే చాలు, గదిలో ఉన్న నలుగురం లెక్కలు, సూత్రాలు గట్టిగా వల్లెవేసేవాళ్ళం. ఆవిడేమన్నా తక్కువ తిందా! పట్టుకోవాలనుకున్న రోజు ఆ గుత్తిని గుప్పిట్లో బిగించి పిల్లిలా వచ్చేది. కథల పుస్తకం దొరికిందా, చచ్చిన ఎలకని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తేది. "చేత్తా! ఇలాంటి చేత్త చదవడానికా మీ వాళ్ళు పంపింది?" చెత్త అనడమే అలా, ముక్కుతో మాట్లాడేదిలే, నాకు సరిగ్గా రావట్లేదు. తిట్టాల్సినన్ని తిట్టి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "దీనికి రెండో భాగం ఉందా?" అనేది. ఉంటే అదీ లాక్కుపోతుంది కాబోలని మేము బిక్కచచ్చిపోయేవాళ్ళం. ఎంత వెర్రిమొహాలమో చూడు, ఎందుకడుగుతోందో ఒక్కత్తెకీ తట్టలేదు.

నా సంగతి అందరిలాంటిది కాదు. మిగతా పిల్లలకి తిట్లతో పోయేది. మా నాన్న, అంటే మీ అమ్మకి తాతయ్య, తూకం మిషన్లు బాగుచేసేవాడు. మాట కూడా తూకం వేసే మాట్లాడేవాడు. నన్ను హాస్టల్లో పెట్టడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. మా అమ్మ పోరగా పోరగా ఒప్పుకున్నాడు. నన్ను దింపడానికి వచ్చిన రోజు గేటు దగ్గర ఒక్కటే మాట అన్నాడు. "ఒక్క ఫిర్యాదు వచ్చిందా, పెట్టె సర్దుకుని ఇంటికే." అన్నాడంటే అన్నట్టే, అటో ఇటో మొగ్గే మనిషి కాదు. ఇంటికెళ్తే ఇంకేముంది, కొట్టులో కూర్చుని స్ప్రింగులకి నూనె రాసుకోవడమే. చదువు అటకెక్కినట్టే. అంత తెలిసీ నేను కథలు మానానా? మానలేదు. అలవాటంటే అదే మరి! మీ టీచరుకి అది కూడా రాయి.

ఏం చెప్తున్నానూ... ఆఁ, ఆ నవల. ఎన్ని చేతులు మారిందో, అట్ట లేదు, చివరి పేజీలు లేవు. సముద్రం ఒడ్డున ఒక లైట్‌హౌస్, దాన్ని కాపలా కాసే ముసలాయన, ఆయన కూతురు. ఓ కెప్టెన్‌ని ప్రేమిస్తుంది. తుఫానులో అతని ఓడ బద్దలవుతుంది. ఈ పిల్ల మెట్లెక్కి దీపం దగ్గర నిలబడి చూస్తే నీళ్ళలో ఏదో తేలుతూ కనిపిస్తుంది. అంతే, అక్కడికి సరి! అన్నం మధ్యలో కంచం లాగేసినట్టే. నాకు మనసొప్పక, ఇంకేమన్నా దొరుకుతుందేమోనని భూగోళం పుస్తకంలో పెట్టుకుని మొదట్నుంచీ మళ్ళీ చదువుతున్నాను. తాళాల చప్పుడు లేదు. పైనుంచి రెండు వేళ్ళొచ్చాయి. "చేత్తా! నీకిదివరకు చెప్పాను. ఇంక మీ నాన్నకే చెప్తాను." అప్పటికప్పుడు ఆఫీసు గదిలోంచి మా నాన్న కొట్టుకి ఫోను. సంగతి వచ్చాక చెప్తాను, రమ్మందట. రేపు పొద్దున వస్తానన్నాడట. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏడ్చుకుంటూ పెట్టె సర్దేసుకున్నాను.

తెల్లారాక ఆవిడ గదికి రమ్మని కబురు. వెళ్తే ఏముంది, మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ నవల, కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి. "చివరి పేజీలేం చేశావే?" అంది. "నేను చింపలేదండీ, నా దగ్గరికొచ్చేసరికే లేవు." అటు చూసింది, ఇటు చూసింది, గొంతు తగ్గించి, "అయితే ఆ కెప్టెను బతికాడో చచ్చాడో నీకూ తెలీదా?" అంది. అప్పుడు వెలిగిందమ్మా నాకు! ఓసి తల్లీ, నువ్వూ మా జాతేనా అనుకున్నాను. "తెలుసండీ, మా ఇంట్లో ఇంకో పుస్తకం ఉంది, అందులో చదివాను" అనేశాను. మా ఇంట్లో పుస్తకం! మా ఇంట్లో ఉండేవి తూకంరాళ్ళు. "చెప్పు మరి, నిలబడతావేం" అని స్టూలు జరిపింది.

మొదలుపెట్టాను. నీళ్ళలో తేలేది చెక్క, దాని మీద కెప్టెను, ఈ పిల్ల తాడు విసిరి లాగింది. అంతలో అటెండరొచ్చి, "ఈ అమ్మాయి నాన్నగారొచ్చారండీ" అన్నాడు. ఆవిడ తలైనా తిప్పకుండా, "వరండాలో కూర్చోమను" అని, "ఊఁ, లాగింది, తర్వాత?" అంది. తర్వాతేముందే, నాకు అర్థమైపోయింది. కథ సాగినంతసేపూ నేను హాస్టల్లో ఉన్నట్టు, కథ అయిపోయిందా పెట్టెతో బస్సెక్కినట్టు. ఇంక చూస్కో, సాగదీశాను! కెప్టెనుకి కాలు విరగ్గొట్టాను, ఓడెక్కే యోగం లేకుండా. జ్వరం తెప్పించాను, తగ్గించాను. ముసలాయనకి చూపు తగ్గించి, దీపం పని కూతురికి ఇప్పించాను. పెళ్ళి చేశాను. అయినా లేవదే ఈవిడ! "మరి అతనేం చేస్తాడు పనీపాటా లేకుండా?" అంది. నాకు పొద్దున్నించీ కడుపులో ఏమీ లేదు, ఆకలి. "వంట చేస్తాడండీ" అన్నాను. "కెప్టెనా?" "అవునండీ. ఆవిడ పైన దీపం చూసుకుంటుంది, ఆయన కింద వంట. మొదటిరోజు గిన్నె మాడ్చేశాడు. రెండోరోజు ఉప్పు రెండుసార్లు వేశాడు. ఆవిడ కిక్కురుమనకుండా తిని మంచినీళ్ళు తాగింది." వరండాలో మా నాన్న దగ్గు వినపడుతూనే ఉంది, విసుగొస్తోంది కాబోలనుకున్నాను. ఇంక కల్పించడానికి ఏమీ మిగల్లేదు. ముసలివాళ్ళయ్యారు, సుఖంగా ఉన్నారు, అయిపోయింది అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "బాగుందే," అంది, "హాయిగా ఉంది."

ముక్కు తుడుచుకుంటూ వరండాలోకొచ్చింది. వెనకాల నేను, మేకపిల్లలా. మా నాన్న బెంచీ మీంచి లేచాడు. ఏం చెప్తుందా అని ఆవిడ కొంగు చాటున నక్కాను. "మీ అమ్మాయికి జలుబు చేసిందండీ, అందుకని పిలిపించాను" అంది! జలుబు ఎవరికో ఆ ముక్కు చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కొట్టు మూసుకుని రప్పించింది దీనికా అని ఆయన విరుచుకుపడతాడనుకున్నాను. పడలేదు. ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మందేసుకో" అన్నాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. మా ఇలవేలుపు కాపాడిందనుకున్నాను.

ఏడాది చివర, పరీక్షలైపోయి అందరం ఇళ్ళకి బయల్దేరుతుంటే ఆవిడ నన్ను మళ్ళీ గదికి పిలిచింది. "ఎక్కడో వెతికి ఆ నవల ఇంకోటి తెప్పించానే. పూర్తిగా ఉంది. ఆ కెప్టెను మునిగి చచ్చాడు. ఆ పిల్ల దీపం ఆర్పేసి మెట్లు దిగుతుంది. అంతే. ఇదో ముగింపా? చేత్తా!" నేను కాళ్ళ మీద పడబోయాను. "లే లే, నాటకాలు. ఆ పేజీలు చింపి పొయ్యిలో పెట్టాను. నువ్వు చెప్పిందే ఉండనీ." అని తన పెట్టె మూత తీసింది. మా అందరి దగ్గరా లాక్కున్న పుస్తకాలు, ఒక్కోదానికీ చక్కగా అట్టలేసి పేర్చి ఉన్నాయి. "ఒకటి తీసుకో. నలిగిందో, నీ వీపు చీరేస్తాను." అలాంటి మనిషే తల్లీ. నేను టీచరునయ్యానంటే ఆవిడ చలవే అని అందరికీ చెప్పుకునేదాన్ని, ఇప్పటికీ చెప్తాను.

చెప్తానుగానీ... ఆ సెలవులకి ఇంటికెళ్ళాను కదా. పొద్దున్నే లేస్తే మా నాన్న పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ కాస్తున్నాడు. ఆయన జన్మలో వంటింట్లో అడుగుపెట్టి ఎరగడు. నేను నోరు తెరుచుకు చూస్తుంటే మా అమ్మ నన్ను పక్కకి లాగి ఒకటే నవ్వు. "ఆ కెప్టెను గిన్నె మాడ్చాడటగా? ఉప్పు రెండుసార్లు వేశాడటగా? మీ నాన్న మీ హాస్టల్‌కి వెళ్ళొచ్చిన రోజు ఎంత బాగా చెప్పాడనుకున్నావు, మధ్య మధ్య దగ్గొచ్చేలా నవ్వుకుంటూ" అంది. ఏ పుస్తకంలోనూ లేదు కదా అది. "నిన్ను తీసుకొచ్చేస్తానని కోపంగా వెళ్ళిన మనిషి ఒక్కడే వచ్చాడేంటా అని అడిగాను" అంది మా అమ్మ. "అది కథ చెప్తోందే, లేపబుద్ధి కాలేదు అన్నాడు."

...

ఊఁ? ఏమీ లేదులే. స్టవ్ మీద పాలు పెట్టాను, పొంగాయేమో చూసి రా.