భీమిలిలో ఏం పని

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. నా రాత నెమ్మది, తప్పులుంటే మన్నించండి.

చేవెళ్ల దగ్గర పాలకూర కోస్తున్న తల్లిని తనతో తీసుకుపోదామని, భీమిలిలో నర్సుగా పనిచేసే కూతురు వచ్చింది.

"ఆడ నాకేం పనుంటది బిడ్డా?"

"ఏం వద్దవ్వా. సముద్రం చూసుకుంట కూసో."

"ఊకె కూసునుడు నాతోని కాదు. సముద్రమంటే పెద్ద చెరువే గద?"

"చెరువు గింత లొల్లి చెయ్యదు. నిద్రల గూడ ఇనబడ్తది."

"బట్టలన్న ఆరుతయా?"

"ఆరినా జిగటగనే ఉంటయి. డబ్బాల ఉప్పు నీరైతది. ఆ గాలికి ఇనుమంత తుప్పే. మొన్న తలుపు గొళ్లెం ఊడి నా చేతికే వచ్చింది."

"నూనె రాస్తలేవా?"

"డ్యూటీకి పోయి వచ్చేసరికే సరిపోతది."

తల్లి కొడవలిని కొంగుతో తుడిచింది.

"ఇల్లంత తుప్పు పట్టిచ్చి, పని లేదంటవేందే? ఎప్పుడు పోదాం?"

— మొగులమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది భీమిలి.