జగన్నాథరావు మాస్టారు సముద్రాన్ని ఆపిన వైనం

"కూర్చోండి జకరయ్యగారూ, అరుగు మీ సొంతం అనుకోండి. అమ్మాయికి పి.యు.సి.లో ఫిజిక్సు పోయిందన్నారు, సెప్టెంబరు పరీక్షలో కూడా పోతే చదువు మానిపిస్తానన్నారు. మీరిక ఆ మాటే ఎత్తొద్దు! ఈ తెనాలిలో జగన్నాథరావు ట్యూషనంటే ఏమనుకున్నారు? అరవై ఆరులో నన్నే పిలిచి అడిగారు ఢిల్లీ వాళ్ళు, ఈ చుట్టుపక్కల ఫిజిక్సు లెక్చరర్లు పిల్లలకి లెక్కలు చెయ్యడం ఎలా నేర్పాలనుకుంటున్నారో, వాళ్ళ మనసులో ఏముందో కనుక్కు రమ్మని."

"నిన్నే ఎందుకడిగారు జగన్నాథం?" అన్నాడు పక్కింటి బసవపున్నయ్య, వక్క నములుతూ.

"నువ్వుండవయ్యా, మంచి పట్టులో ఉంటే! ముందు ఇక్కడే ఒకాయన్ని అడిగా. 'నేను బోర్డు మీద చేస్తా, వాళ్ళు చూస్తారు, అదే వస్తుంది' అన్నాడు. అలాగా, చూస్తే ఈతొస్తుందా అని కాలవ దాకా తీసుకెళ్ళి ఒక్క తోపు తోశా. రెండు మునకలేసి, 'నీళ్ళు తాగితే గానీ తెలీలేదు సార్' అని అక్కడే దణ్ణం పెట్టాడు. రేపల్లె ఆయనేమో 'లెక్కలు పుట్టుకతో రావాలండీ, నేర్పితే రావు' అన్నాడు. సరేనని ఆసుపత్రికి పోయి, అప్పుడే పుట్టినవాణ్ణి ఉయ్యాల్లో వేయించి, ఇది అటుపోయి ఇటు రావడానికి ఎంతసేపురా అన్నా. వాడు ఏడుపు ఆపి, 'తాడు పొడుగెంత మావయ్యా?' అన్నాడు!"

"పళ్ళొచ్చాయా వాడికి?" అన్నాడు బసవపున్నయ్య.

"లెక్కకి పళ్ళెందుకయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లెక్చరర్లందర్నీ సూర్యలంక సముద్రం ఒడ్డుకి తోలుకుపోయా. ఒకడు చూస్తే వస్తుందంటాడు, ఒకడు పుడితే వస్తుందంటాడు, కొట్టుకు చస్తున్నారు. ఒరే నాయనల్లారా, పిల్లాడికి అర్థమయ్యేదాకా మనం ఆగాలి, అదీ చదువు చెప్పడమంటే, అని ఇసకలో పుల్లతో లెక్క మొదలెట్టా. సగంలో ఉండగా తాడిచెట్టంత అల లేచింది. వాళ్ళు పంచెలు ఎగ్గట్టి పరుగో పరుగు. నేను కదల్లా. 'ఏయ్, ఇంకా రాసుకోలేదు, ఆగు!' అన్నా. ఆగిందండీ! నిజాంపట్నం పడవలు ఎక్కడివక్కడ గాల్లోనే ఉండిపోయాయి. అలలోంచి చేపలు తలలు బైటపెట్టి, 'మాస్టారూ, ఆ స్టెప్పు మళ్ళీ చెప్పరా?' అన్నాయి. చెప్పా! విసుక్కోలా. మళ్ళీ అడిగాయి, మళ్ళీ చెప్పా. అన్నిటికీ అర్థమైందన్నాకే అలకి సెలవిచ్చా."

జకరయ్య నవ్వాపుకోలేకపోయాడు. అయినా మనసు మెత్తబడింది. "కోతలకేం గానీ అమ్మా సుగుణా, ఓపికున్న మనిషిలా ఉన్నారు. చేరతావా?"

సుగుణ వచ్చినప్పట్నుంచీ తలెత్తలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"భయపడకమ్మా," అన్నాడు మాస్టారు. "ఇంతకీ నీకు ఫిజిక్సు చెప్పిన ఆ దద్దమ్మ ఎవడు?"

"మీరేనండి. పోయినేడు, బాపట్ల కాలేజీలో."

బసవపున్నయ్య నమలడం ఆపేశాడు.

"కుడిచేత్తో రాస్తూ ఎడంచేత్తో తుడిపేసేవారు సార్. ఆ స్టెప్పు మళ్ళీ చెప్పండి సార్ అని లేచి అడిగాను. అందరిముందూ 'కూర్చో' అన్నారు. మళ్ళీ ఎప్పుడూ లేవలేదు నేను."



సుగుణ అరుగు దిగి చెప్పులేసుకుంది. "చేపనై పుట్టుంటే పాసయ్యేదాన్ని సార్."